గిటార్ ఆంప్‌కు మన చెవికి నచ్చే స్పీకర్ ఎంచుకోవడం ఎలా?

తీగలు మార్చారు, పెడల్స్ మార్చారు, అయినా సౌండ్ డబ్బాలోంచి వస్తున్నట్టే ఉందా? అయితే ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్‌లో) ఉన్న స్పీకర్ సంగతి చూడాల్సిందే.

గుంటూరులో చర్చి బ్యాండుకి వాయించే రోజుల్లో నా ఆంప్ స్పీకర్ కాలిపోయింది. రిపేరు షాపులో సౌండ్ సిస్టమ్‌లకు వేసే ఫుల్ రేంజ్ స్పీకర్ బిగించి ఇచ్చారు. మామూలుగా వాయిస్తే ఫర్వాలేదు. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) ఆన్ చేస్తే మాత్రం రేకు మీద ఇసుక పోసినట్టు ఒకటే చరచర. గిటార్ స్పీకర్‌లో దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దం గబగబా తగ్గిపోతుంది. ఆ చరచర మన చెవిదాకా రాకుండా ఆపేది అదే. కాబట్టి గిటార్ కోసం చేసిన స్పీకరే కొనండి.

ముందు ప్లగ్ పీకి, ఆంప్ వెనక పలక తీసి, పాత స్పీకర్ మీద ఉన్న ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే నిరోధం), వాట్స్, సైజు రాసుకోండి. వాల్వ్ ఆంప్ (గాజు ట్యూబులతో పనిచేసేది) అయితే ప్లగ్ తీసినా లోపల హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది, సర్క్యూట్ జోలికి వెళ్లకండి. లేబుల్ చెరిగిపోతే వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ స్పీకర్ 6-7 దగ్గర చూపిస్తుంది.

ట్రాన్సిస్టర్ ఆంప్‌కు, దాని మీద రాసిన ఓమ్స్ కంటే తక్కువ ఉన్న స్పీకర్ పెట్టకూడదు. వాల్వ్ ఆంప్‌కు సరిగ్గా అదే ఓమ్స్ ఉండాలి. స్పీకర్ లేకుండా దాన్ని ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వాట్స్ విషయంలో పిసినారితనం వద్దు, 30 వాట్ల ఆంప్‌కు 50-60 వాట్ల స్పీకర్ ఉంటే టెన్షన్ ఉండదు.

స్పీకర్ ఒక వాట్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్స్ అంకె చాలామంది చూడరు. 97 ఉన్న స్పీకర్ తీసి 100 ఉన్నది పెడితే, ఆంప్ వాట్స్ రెట్టింపు చేసినంత తేడా. బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్‌లో సాధన చేసుకునేవారికి తక్కువదే మేలు. విజయవాడ ఫంక్షన్ హాల్లో డ్రమ్స్ పక్కన నిలబడి వాయించేవారికి ఎక్కువది కావాలి.

ఇక టోన్. సెలెస్షన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లు, 98 డెసిబెల్స్. కాస్త గట్టిగా వాయిస్తే సౌండ్ తియ్యగా పగులుతుంది, బ్లూస్‌కి నాకు ఇదే ఇష్టం. అదే కంపెనీ వింటేజ్ 30 పేరుకు 30 అయినా 60 వాట్లు తట్టుకుంటుంది, 100 డెసిబెల్స్. మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాలు) ముందుకు తోసుకొస్తాయి కాబట్టి కీబోర్డు, డ్రమ్స్ మధ్య గిటార్ మునిగిపోదు. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటే మాత్రం చెవిని పొడిచినట్టు ఉంటుంది. ఒక్కో తీగ మీటుతూ పాటకు తోడు వాయించేవారు జెన్సన్ సి12ఎన్ విని చూడండి, పై తీగలు తళతళలాడతాయి.

వినేటప్పుడు మీ గిటార్‌తోనే వినండి. టోన్ నాబ్‌లన్నీ సగంలో పెట్టి, మీరు స్టేజీ మీద పెట్టే వాల్యూమ్‌లోనే వాయించాలి. లావు తీగను ఒట్టిగా మీటండి, అది మోగుతున్నప్పుడు బేస్ ముద్దకట్టకూడదు. తర్వాత నిండు కార్డ్ కొట్టి, ఒక్కో స్వరం విడిగా తెలుస్తోందా చూడండి. స్పీకర్‌కు ఎదురుగా చెవి ఎత్తులో విని, పక్కకు జరిగి మళ్లీ వినండి. ట్రెబుల్ సూటిగా ముందుకే వెళ్తుంది, నిలబడి వింటే మోకాళ్లకే తగులుతుంది!

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, బిగించే ముందు రెండు చేతుల వేళ్లు కోన్ (ముందున్న గరాటు లాంటి భాగం) మీద సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ మాగ్నెట్‌కు రాసుకుంటున్నట్టే, వెంటనే వాపసు పంపండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒక పక్కే లాగిస్తే ఫ్రేమ్ వంగుతుంది.

కొత్త స్పీకర్ మొదట్లో బిర్రుగా వినిపిస్తుంది. 15-20 గంటలు వాయించాక అంచులు వదులై బేస్ తెరుచుకుంటుంది. అప్పటిదాకా పాతదాన్ని అమ్మేయకండి.