వైట్ మస్క్ సెంటు: వాసన రావట్లేదన్నా, సర్ఫులా ఉందన్నా

బరంపురంలో వైట్ మస్క్ కొన్నవాళ్ల ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. వాసనే రావట్లేదని కొందరు, బట్టల సబ్బులా ఉందని కొందరు. మిగతా గొడవలు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి. తీరా చూస్తే ఎక్కువసార్లు సీసాలో తప్పుండదు. ముక్కులోనో, చెమటలోనో, కొన్న పద్ధతిలోనో ఉంటుంది. కాబట్టి డబ్బులు పెట్టి ఇంకో సీసా తెచ్చుకునే ముందు ఇది చదవండి.

అసలు ఈ సరుకేమిటో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. మస్క్ అంటే కస్తూరి, మగ కస్తూరి జింక పొట్ట కింది గ్రంథిలో తయారయ్యే పదార్థం. వైట్ మస్క్‌కీ ఆ జింకకీ ఇప్పుడు సంబంధం లేదు. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తుండగా అనుకోకుండా కస్తూరి వాసన ఉన్న పదార్థం ఒకటి బయటపడింది. కృత్రిమ మస్క్‌ల వ్యాపారం అక్కణ్ణుంచే ఊపందుకుంది. అసలు కస్తూరికి వాసననిచ్చే మస్కోన్ అనే పదార్థం నిర్మాణాన్ని 1926లో రుజిచ్కా అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు, 1939లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. 1960లలో గాలాక్సోలైడ్ అనే కృత్రిమ మస్క్ వచ్చింది. ఇలాంటి కృత్రిమ రకాల్లో పశువాసన లేకుండా, ఉతికి ఆరేసిన బట్టను తలపించే వాటిని వైట్ మస్క్ అంటున్నారు. 1981లో బాడీ షాప్ అనే కంపెనీ అదే పేరుతో సెంటు తెచ్చాక ఆ మాట జనం నోళ్లలో పడింది. మొక్కల్లోనూ ఈ గుణం ఉంది. కస్తూరి బెండ గింజల్లో అంబ్రెటొలైడ్ ఉంటుంది. మాంసం ముట్టని ఇళ్లవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు వైట్ మస్క్ విషయంలో జంతువు గురించి దిగులు పెట్టుకోనక్కర్లేదు.

"కొట్టుకున్నాను గానీ నాకే తెలీట్లేదు"

దీనికి కారణాలు రెండు. రెండింటికీ మందు వేరు కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి.

మొదటిది అలవాటు. ఏ వాసనైనా కాసేపటికి ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. మస్క్ గుప్పుమని కొట్టదు, ఒకే తీరున సన్నగా వస్తూ ఉంటుంది, కనుక ఇంకా తొందరగా మరుగున పడుతుంది. రెండోది పుట్టుకతో వచ్చేది. మస్క్ అణువులు పెద్దవి. నిమ్మతొక్క వాసనలో ముఖ్యమైన లిమోనిన్ అణుభారం 136 అయితే, మస్కోన్‌ది 238, గాలాక్సోలైడ్‌ది 258. వీటిని పట్టుకునే గ్రాహకాలు ముక్కులో కొన్నే ఉంటాయి. వాటి జన్యువులో చిన్న తేడా ఉన్నా ఫలానా మస్క్ ఆ మనిషికి అస్సలు తెలియదు. మల్లెపూలు, సాంబారు, డీజిల్ పొగ అన్నీ తెలుస్తాయి, ఆ ఒక్కటే తెలియదు. ఇది జబ్బు కాదు.

తేల్చుకోవడం తేలిక. సాయంత్రం ఉతికిన నూలు జేబురుమాలు మీద ఒక్క స్ప్రే కొట్టి వేరే గదిలో పెట్టండి. ఒంటికి మాత్రం ఏమీ రాసుకోకండి. పొద్దున్నే లేచి, కాఫీకి ముందే వాసన చూడండి. తెలిస్తే మీది అలవాటు సమస్య. తెలియకపోతే ఇంట్లో వాళ్ల చేతికివ్వండి. "వదినా, దీన్లో ఏమైనా వస్తోందా?" అని అడగండి. "ఏటి, బానే ఒస్తంది కదా, సబ్బు పెట్టినట్టు" అంటే మీ ముక్కుకి ఆ మస్క్ అందదన్నమాట. ఆవిడకీ తెలియకపోతే అప్పుడు సీసాని అనుమానించండి.

అలవాటే అయితే చేయాల్సిందేమీ లేదు, ఎదుటివాళ్లకి వాసన వస్తూనే ఉంది. ముక్కుకి దూరంగా, మెడ వెనకో మోచేతి మడతలోనో రాసుకుంటే మధ్యమధ్యలో మీకూ తగులుతుంది. పుట్టుకతో తెలియనివాళ్లు రకం మార్చాలి. ఒకే మస్క్ మీద నడిచే సెంటు వదిలేసి నాలుగైదు మస్క్‌లు కలిపినది చూడండి. ఒకటి అందనివాళ్లకు ఇంకొకటి అందుతుందనే తయారుచేసేవాళ్లు కూడా కలిపి వేస్తుంటారు. కొట్లో కుర్రాడికి ఈ లెక్కలు తెలియకపోవచ్చు. మూడు వేర్వేరు కంపెనీల వైట్ మస్క్‌లు అట్టముక్కల మీద కొట్టించుకుంటే మీ ముక్కే చెబుతుంది.

చేయకూడని పని ఒకటుంది: తెలియట్లేదని ఇంకో పది స్ప్రేలు కొట్టుకోవడం. పర్లాకిమిడి బస్సులో కిటికీ మూసిన సీట్లో మీ పక్కన కూర్చున్నాయన ఏ పాపం చేశాడని?

"సర్ఫు వాసనొస్తోంది, దీనికింత డబ్బా?"

ముక్కు అబద్ధం చెప్పట్లేదు. గాలాక్సోలైడ్ నీళ్లలో దాదాపు కరగదు, బట్టకు అంటుకుని ఉండిపోతుంది. అందుకే బట్టల సబ్బుపొడుల్లో, జాడించిన నీళ్లలో కలిపే కండిషనర్లలో దాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. మనం శుభ్రం అనుకునే వాసనను అలవాటు చేసింది ఆ సబ్బులే. తర్వాత అదే సరుకు సెంటు సీసాలోకి వస్తే సర్ఫు గుర్తురాక ఏం గుర్తొస్తుంది? (కాలవల్లోకి, నదుల్లోకి చేరి త్వరగా కరిగిపోదన్న ఫిర్యాదు కూడా దీని మీద ఉంది. ఆ పట్టింపు ఉన్నవాళ్లకి మస్కోన్ తరహా వలయాకారపు మస్క్‌లు నయం, ధర మాత్రం ఎక్కువ.)

మందు రెండు రకాలుగా ఉంది. ఆ సీసానే వాడుకోవాలంటే, చొక్కాని వాసన లేని బట్టల సబ్బుతో ఉతికించండి. ఘుమఘుమలాడే పొడితో ఉతికి, కండిషనర్ పెట్టి, ఆపైన వైట్ మస్క్ కొట్టుకుంటే రెండూ కలిసిపోయి సబ్బే మిగులుతుంది. కొత్తది కొనాలంటే మస్క్‌తో పాటు గులాబీ, గంధం, ఐరిస్ లాంటిది ఒకటి కలిసినది అడగండి. 2003లో వచ్చిన నార్సిసో రోడ్రిగెజ్ ఫర్ హర్ అనే సెంటు పూల మధ్య మస్క్ పెట్టిన రకానికి పేరుపడ్డ ఉదాహరణ. అది కొనమని కాదు, మాల్‌లో టెస్టర్ దొరికితే ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. ఆల్డిహైడ్లు అనే సువాసన రసాయనాలు ఎక్కువగా ఉన్న సెంట్లు ఇస్త్రీబట్ట, సబ్బునురుగు వాసన వైపు లాగుతాయి. సర్ఫు పడనివాళ్లు వాటి జోలికి పోవద్దు.

"కొట్లో బాగుంది, ఇంటికొచ్చాక అదే సీసా చప్పగా ఉంది"

ఇది మన గంజాం జిల్లావాళ్లకి ప్రత్యేకంగా వచ్చే సమస్య. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి వైపు గట్ల మీదా ఇసుక నేలల్లోనూ మొగలి పొదలు. వానాకాలం పూత మొదలైతే రాగి డేగిసాల్లో పూలు ఉడికించి అత్తరు తీస్తారు. ఆ వాసనలో ముప్పాతిక వంతు దాకా ఒక్క పదార్థమే, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. అది తేలికైనది, ఆగకుండా పైకి లేస్తుంది, గదంతా ఆక్రమిస్తుంది. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఊరికే రాలేదు. మొగలి, సంపెంగ, మల్లె మధ్య పెరిగిన ముక్కుకి వైట్ మస్క్ మొదట చప్పగానే ఉంటుంది. దాని పద్ధతే అది.

దానికి తోడు అత్తరు కొట్టు వాతావరణం. పెద్దబజారులో కొట్టు గుమ్మం ఎక్కేసరికే అగరొత్తి వెలుగుతూ ఉంటుంది. మూత సరిగా పడని మొగలి సీసా పక్కనే ఉంటుంది. గాజుపుల్లతో కొట్టతను మీ మణికట్టు మీద ఒకటి, చేతి వెనక ఒకటి, మోచేతి దగ్గర ఒకటి గీస్తాడు. "ఇదీ చూడండి, ఇదీ చూడండి." నాలుగోది వచ్చేసరికి మీరు చూస్తున్నది మస్క్ కాదు, నాలుగింటి కలగాపులగం. అక్కడ బాగుందనిపించింది మొగలే అయ్యుండొచ్చు.

కొనే పద్ధతి మార్చండి. పొద్దున్నే, ఏమీ రాసుకోకుండా వెళ్లండి. ఒక చేతికి ఒకటే రాయించుకోండి, రెండో చేతికి ఇంకొకటి, అంతకు మించి వద్దు. రాశాక మణికట్లు రుద్దకండి. వెంటనే వాసన చూసి నిర్ణయించకండి. మొదటి పావుగంటలో వచ్చేది స్పిరిట్టూ, నిమ్మ, పళ్ల వాసనలూ. మస్క్ అడుగున ఉంటుంది, పైవి పోయాకే బయటికొస్తుంది. "మళ్లీ వస్తానన్నా" అని చెప్పి బయటపడండి. బజారు పని చూసుకోండి, టిఫిను తినండి. మూడో గంటలో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏది వస్తుందో మీరు కొనేది దాన్నే. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందంటారు. రోడ్డు మీద గాలి కూడా అంతే పనిచేస్తుంది, డబ్బులడగదు. నచ్చాక కూడా ముందు 3 ఎం.ఎల్. సీసాయే తీసుకోండి.

మస్క్ మరీ పలచగా అనిపించేవాళ్లకి ఒక కిటుకు. ముందు వైట్ మస్క్ అత్తరు రాసుకుని, దాని మీద మొగలి అత్తరు అగ్గిపుల్ల మొనకు అంటినంత. మొగలి తొందరగా ఎగిరిపోయే రకం, మస్క్ నెమ్మది. కలిపితే మొగలి పదును తగ్గుతుంది, మస్క్‌కి ముఖం వస్తుంది. నాకైతే విడివిడిగా రెండింటికన్నా ఇదే ఇష్టం.

"చెమట పట్టగానే పులిసిన వాసన"

సెంటు పులవదు. చెమటకు స్వతహాగా పెద్ద వాసన ఉండదు. చంకల్లో ఉండే బాక్టీరియా దాన్ని తిని వాసన పుట్టిస్తుంది. గోపాలపురం వైపు ఉప్పుగాలిలో చెమట ఆరదు కాబట్టి వాటికి పండగ. మస్క్ దాన్ని కప్పదు, దానితో కలిసి ఇంకో రకం కంపు చేస్తుంది. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక, ఛాతీ మీదో మెడ వెనకో కొట్టుకోండి. చంకల్లో వద్దు, అక్కడికి డియోడరెంటు చాలు, అదీ వాసన తక్కువది. నిన్నటి చొక్కా మీద ఈ రోజు సెంటు పనిచేయదు.

"గంటకే పోతోంది"

కోరాపుట్, సెమిలిగుడ చలికాలంలో చర్మం పొడిబారుతుంది, పొడి చర్మం మీద సెంటు నిలవదు. వాసన లేని లోషనో, కాస్త వాసలీనో రాసి ఆపైన కొట్టుకోండి. నూలుబట్ట మీదైతే మస్క్ మర్నాటికి కూడా ఉంటుంది. సీసా మీద ఓ ద తువాలెట్ అని ఉంటే సాధారణంగా అందులో సువాసన తైలం తక్కువ, ఓ ద పర్ఫ్యూమ్‌లో ఎక్కువ. అయితే ఇంకోమాట: పోయిందని మీకు అనిపించడం వేరు, పోవడం వేరు. పైన చెప్పిన జేబురుమాలు పరీక్ష ఇక్కడా చేయండి.

"ఇది అసలు జింక కస్తూరి అండి"

రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో గానీ, ఇచ్ఛాపురం సంతలో గానీ ఎవరైనా చెవి దగ్గరకొచ్చి ఇలా అంటే, దాదాపు ఖాయంగా అబద్ధం. నిజమైతే మరీ ప్రమాదం. కస్తూరి జింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని కస్తూరిని అమ్మినా కొన్నా నేరమే. బొచ్చున్న చిన్న తిత్తి చూపిస్తే బేరం కూడా ఆడకండి, నడిచి వెళ్లిపోండి.

"తల పగిలిపోతోంది"

చవక వైట్ మస్క్‌లలో చాలావాటికి తీపి వాసన దట్టంగా కలుపుతారు. మూసిన కారులో, ఏసీ గదిలో అది మొత్తుతుంది. ఒక స్ప్రేకి దిగండి. అప్పటికీ తగ్గకపోతే ఆ సీసా మీకు కాదు. దద్దురు వచ్చేవాళ్లు మోచేతి లోపలివైపు చుక్క రాసి రెండు రోజులు చూసి మరీ వాడండి. చంటిపిల్లలకి ఏ సెంటూ వద్దు.

"పట్టుచీర మీద మరక"

ఇది నిజంగా బాధ కలిగించే నష్టం. బరంపురం పట్టు, కుంభాల అంచు, జరీ. పెళ్లికి బయల్దేరే ముందు హడావిడిగా పైట మీద ఒక స్ప్రే. స్పిరిట్టు రంగుని కదిలిస్తుంది, జరీని మాడుస్తుంది. అత్తరైతే నూనె గుండ్రంగా పాకుతుంది, అంచు ముదురుగా తేలుతుంది. సెంటు ఎప్పుడూ చీర కట్టకముందు ఒంటికే. ఆరాకే చీర. లోపలి నూలు లంగా అంచుకి అద్దుకుంటే నడిచినప్పుడల్లా వాసన వస్తుంది, పట్టుకి ఏమీ కాదు.

పడిపోయిందా, నీళ్లు పెట్టకండి, రుద్దకండి. నూనె మరకైతే చీర తిరగేసి, కింద పాత తెల్లబట్ట పరిచి, మరక మీద వాసన లేని టాల్కం పౌడరు మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న మెత్తటి బ్రష్షుతో దులపండి. మచ్చ ఇంకా కనిపిస్తే మళ్లీ ఒకసారి, ఆ తర్వాత డ్రైక్లీనింగుకి. ఇచ్చేటప్పుడు అది అత్తరా, స్ప్రేనా అన్నది చెప్పండి, వాళ్లు వాడే మందు దాన్నిబట్టి మారుతుంది.

పాతబడిన సీసా

బండి డిక్కీలో, స్నానాలగది కిటికీలో పెట్టిన సీసా వేడికీ వెలుతురుకీ పాడవుతుంది. ముందు నిమ్మ, పూల వాసనలు చెడి, వార్నిష్ లాంటి ఘాటు వస్తుంది. అడుగున మస్క్ ఇంకా బాగానే ఉండొచ్చు. ఒంటికి వాడకండి. దూది మీద నాలుగు చుక్కలు వేసి, దుప్పట్లున్న అరలో కాగితంలో చుట్టి పెట్టుకోవచ్చు, పట్టుచీరల అరలో మాత్రం వద్దు.