చదునైన ఫోమ్ విన్యాస విమానం: తూకం నుంచి ట్రిమ్ దాకా

రేడియో కంట్రోల్ విమానాల్లో చదునైన ఫోమ్ షీట్లతో చేసే విన్యాస విమానాలది ఒక ప్రత్యేకమైన తరగతి. వీటి రెక్కకు వంపు ఉండదు, బాడీకి బోలుతనం ఉండదు. అడ్డంగా ఒక షీటు, దాని పైనా కిందా నిలువుగా మరో షీటు అతికిస్తే బాడీ తయారైపోతుంది. మూసిన హాలులో జరిగే ఎఫ్‌3పీ పోటీల కోసం అగ్రశ్రేణి ఆటగాళ్లు చేసుకునే విమానాలు 100 గ్రాములకు చాలా లోపే ఉంటాయి. అంత సున్నితమైన పని మొదటిసారే చేతికి రాదు గనుక, ఆరుబయట పిల్లగాలిని కూడా తట్టుకోగలిగేలా రెక్కల చివరి నుంచి చివరికి 80 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి 180 గ్రాములు ఉండే విమానాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

రెక్క వెడల్పు బాడీ దగ్గర 25, చివర 18 సెంటీమీటర్లు ఉందనుకుంటే రెక్క వైశాల్యం 1,720 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు 17 చదరపు డెసిమీటర్లు అవుతుంది. 180 గ్రాములను దానితో భాగిస్తే చదరపు డెసిమీటరుకు పదిన్నర గ్రాముల భారం పడుతుంది. ఈ అంకె 10 దగ్గర ఉంటే విమానం మనిషి పరుగు వేగంతో కూడా గాలిలో నిలబడుతుంది, తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. 15 దాటితే అదే విమానం వేగంగా పోతే తప్ప మాట వినదు. బరువైన విమానానికి పెద్ద మోటారు బిగించి సరిపెట్టుకోవాలనుకునేవారు చాలామంది కనిపిస్తారు. పెద్ద మోటారుకు పెద్ద బ్యాటరీ కావాలి, ఆ రెంటినీ మోయడానికి బాడీ గట్టిగా ఉండాలి, చివరికి మొదలుపెట్టిన చోటికే వస్తారు.

అందుకే షీటు కోయక ముందే తూకాల పట్టిక రాసుకోవాలి. ఫోమ్ 50, కార్బన్ కడ్డీలూ హారన్లూ (కదిలే భాగాలకు అతికించే చిన్న మీటలు) 15, మోటారు 25, ప్రొపెల్లరు 6, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) 10, మూడు సర్వోలు (కదిలే భాగాలను తిప్పే చిన్న మోటార్లు) 16, రిసీవరు (రిమోట్ సంకేతాన్ని అందుకునే పరికరం) 5, రెండు సెల్లుల 450 మిల్లీఆంపియర్ అవర్ల లిపో బ్యాటరీ 30, జిగురూ టేపూ 10 గ్రాములు వేసుకుంటే 167 వస్తుంది. మిగిలిన 13 గ్రాములు వైర్లకూ, రాబోయే మరమ్మతులకూ ఉంచుకోవాలి. ఇందులో మన చేతుల్లో ఎక్కువగా ఉన్నది జిగురు. చేతికి వచ్చినంత పూస్తే పది గ్రాములు కాస్తా ఇరవై ఐదవుతాయి, పైగా అందులో సగం తోక దగ్గరే చేరుతుంది. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి బల్ల మీదే ఉంచుకొని, ప్రతి భాగాన్నీ అతికించక ముందు, అతికించాక తూచి రాసుకోవడం మంచిది.

ఏ షీటు, ఏ జిగురు

ఈ పనికి ప్రసిద్ధమైనది డెప్రాన్ అనే పాలిస్టైరీన్ షీటు. 3 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు సుమారు 120 గ్రాములు తూగుతుంది. కొన్న షీటు ఏ పేరుతో ఉన్నా 20 × 25 సెంటీమీటర్ల ముక్క కోసి తూచి చూడాలి. అది 6 గ్రాముల దగ్గర ఉంటే నిశ్చింతగా వాడవచ్చు, 10 దాటితే పక్కన పెట్టాలి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు పీవీసీతో చేసినది, దాని బరువు ఈ పనికి అసలు పనికిరాదు. మామూలు థర్మోకోల్ తేలికే గానీ, పూసలు పూసలుగా రాలుతుంది, అంచు నిలవదు.

రెండో దారి ఈపీపీ, అంటే పాలిప్రొపిలీన్ నురుగు. ఇది మెత్తగా వంగుతుంది, నేలకు కొట్టుకున్నా విరగకుండా ఎగిరి పడుతుంది. డెప్రాన్ బిగువుగా ఉండి విన్యాసాన్ని కచ్చితంగా చూపిస్తుంది, కానీ ముక్కు నేలను తాకితే పటుక్కున విరుగుతుంది. ఇంకా చేయి కుదరనివారికి ఈపీపీయే నా సలహా. కాకపోతే దానికి కార్బన్ కడ్డీలు మరికాస్త ఎక్కువ కావాలి, లేకపోతే రెక్క మెలితిరుగుతూ ఎయిలెరాన్ (విమానాన్ని పక్కకు దొర్లించే, రెక్క వెనకంచున కదిలే పలక) చెప్పినదానికి వ్యతిరేకంగా స్పందిస్తుంది.

జిగురు విషయంలో ఒక్క నియమం తప్పనిసరి. ఫెవిక్విక్ వంటి మామూలు సైనోయాక్రిలేట్ జిగుర్లు, రబ్బరు ఆధారిత కాంటాక్ట్ జిగుర్లు పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి. డెప్రాన్‌కు ఫోమ్‌సేఫ్ అని రాసి ఉన్న సైనోయాక్రిలేట్ గానీ, యూహెచ్‌యూ పోర్ వంటి జిగురు గానీ వాడాలి. యూహెచ్‌యూ పోర్‌ను రెండు వైపులా పలుచగా పూసి, తడి ఆరి వేలికి అంటీ అంటనట్లు ఉన్నప్పుడు నొక్కితే వెంటనే పట్టుకుంటుంది. మళ్లీ జరపడానికి వీలుండదు గనుక కొలత ముందే చూసుకోవాలి. ఈపీపీకి మామూలు సూపర్ గ్లూ వాడినా ఇబ్బంది లేదు.

కోత, హింజి, కూర్పు

నమూనా కాగితాన్ని షీటు మీద అక్కడక్కడ అంటించి, కొత్త బ్లేడుతో స్టీలు స్కేలు ఆనించి కోయాలి. మొద్దు బ్లేడు ఫోమ్‌ను కోయదు, పీకుతుంది. మొదటి కోత పైపైన గీసి, రెండో కోతతో తెగేలా చూస్తే అంచు నునుపుగా వస్తుంది.

కదిలే భాగాల హింజిని, అంటే మడత కీలును, కూర్పుకు ముందే పూర్తి చేయాలి. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (ముక్కును కుడి ఎడమలకు తిప్పే నిలువు తోక పలక), ఎయిలెరాన్‌ల ముందంచును 45 డిగ్రీల వాలుగా కోసి, బద్దకు అంటించిన 320 నంబరు ఉప్పు కాగితంతో ఒకే దిశలో రుద్దాలి. వాలు వచ్చాక ఆ భాగాన్ని పూర్తిగా వెనక్కి మడిచి, రెండు అంచులూ ఒకదాన్నొకటి తాకుతున్న స్థితిలో బ్లెండెర్మ్ వంటి పలుచటి సర్జికల్ టేపును నిడివంతా అంటించాలి. తర్వాత విప్పి రెండో వైపు సందులోకి వెలుతురు వస్తోందేమో చూడాలి. సన్నని గీతలా కనిపిస్తే చాలు. అంతకన్నా ఎక్కువైతే గాలి అందులోంచి జారి కంట్రోలు బలం తగ్గిపోతుంది. చివరగా, తోకను చేత్తో పట్టుకొని ఊపితే ఎలివేటర్ తన బరువుకే కిందికి వాలాలి. బిర్రుగా నిలిస్తే సర్వో ప్రతిసారీ మధ్యకు తిరిగి రాదు, అప్పుడు ట్రిమ్ (స్టిక్ వదిలినప్పుడు కదిలే భాగం నిలిచే స్థానాన్ని రిమోట్‌లో దిద్దే అమరిక) ఎంత సరిచేసినా నిలవదు.

కూర్పుకు మందపాటి గాజు పలక ఉత్తమం. రెక్కనూ, అడ్డ బాడీనీ దాని మీద చదునుగా పరిచి, బరువులు పెట్టి అతికించాలి. రెక్క నిడివంతా 3 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న కార్బన్ పట్టీని నిలువుగా గాడిలోకి దించాలి. తర్వాత కింది నిలువు భాగాన్ని మూలమట్టం పెట్టి 90 డిగ్రీలకు నిలబెట్టి అతికించి, అటూ ఇటూ 1 మిల్లీమీటరు కార్బన్ కడ్డీలతో త్రిభుజాలుగా ఊతమివ్వాలి. ఊతకడ్డీలు బిగుసుకోక ముందే రెక్క రెండు చివరల నుంచి తోక చివరికి దారంతో కొలవాలి, రెండు కొలతలూ సమానంగా ఉండాలి. వెనక నుంచి ఒంటికన్నుతో చూస్తే తోక గీత రెక్క గీతకు సమాంతరంగా కనిపించాలి. ఇక్కడ వచ్చిన వంకర తర్వాత రిమోట్‌లో దాక్కుంటుందే తప్ప పోదు. కార్బన్‌ను కోసేటప్పుడు మాస్కు పెట్టుకొని, తడిపి రుద్దాలి, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కార్బన్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది గనుక రిసీవరు యాంటెన్నాను కడ్డీల పక్కన కట్టకూడదు.

మోటారు, సర్వో, రిమోట్

1400 కేవీ (వోల్టుకు నిమిషానికి అన్ని చుట్లు) చుట్టుపక్కల ఉన్న 25 గ్రాముల అవుట్‌రన్నర్ (బయటి డొప్ప తిరిగే మోటారు), 8 అంగుళాల వ్యాసమూ 4 అంగుళాల పిచ్చూ (ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం) ఉన్న స్లోఫ్లై (నెమ్మదైన విమానాలకు చేసిన) ప్రొపెల్లరు, 10 లేదా 12 ఆంపియర్ల ఈఎస్‌సీ ఈ విమానానికి సరిపోతాయి. నిలువునా వేలాడి, అక్కడి నుంచి పైకి లేవాలంటే తోపుడు బలం విమానం బరువుకు ఒకటిన్నర రెట్లు దాటాలి. వంటింటి కాటా మీద తోపుడు బలానికి లేవనంత బరువైన దిమ్మ పెట్టి, విమానాన్ని ముక్కు పైకి ఉండేలా దానికి కదలకుండా బిగిస్తే, మోటారు పూర్తి వేగంతో తిరిగినప్పుడు కాటా చూపే బరువులోని తగ్గుదల ఆ బలాన్ని చెబుతుంది. మనకు 300 గ్రాములు రావాలి. ప్రొపెల్లరు తిరిగే తలంలో మనుషులెవరూ ఉండకూడదు. మోటారు ఇరుసును విమానం వెనక నుంచి చూస్తే 2 డిగ్రీలు కుడికి తిప్పి బిగించాలి. ఈఎస్‌సీలో బ్రేకు (థ్రాటిల్ మూయగానే ప్రొపెల్లరును ఆపేసే అమరిక) తీసేయాలి.

సర్వోల అమరికను చేత్తో పూర్తిచేశాకే రిమోట్ జోలికి వెళ్లాలి. రిమోట్ ఆన్ చేసి, ట్రిమ్‌లు సున్నాలో ఉంచి, సర్వో ఆర్మ్‌ను, అది పుష్‌రాడ్‌కు (సర్వోను హారన్‌తో కలిపే కడ్డీ) 90 డిగ్రీలకు వీలైనంత దగ్గరగా వచ్చేలా, సర్వో ఇరుసు పంటి మీద బిగించి, మిగిలిన కొద్ది తేడానే సబ్‌ట్రిమ్‌తో (రిమోట్‌లో సర్వో మధ్య స్థానాన్ని జరిపే అమరిక) దిద్దాలి. పెద్ద కదలిక కోసం సర్వో వైపు పొడవైన ఆర్మ్, కంట్రోల్ హారన్ వైపు హింజికి దగ్గరి రంధ్రం ఎంచుకోవాలి. 1 మిల్లీమీటరు కార్బన్ పుష్‌రాడ్ నొక్కినప్పుడు విల్లులా వంగుతుంది కాబట్టి ప్రతి 8 నుంచి 10 సెంటీమీటర్లకు ఒక గైడ్ పెట్టాలి.

రిమోట్‌లో రెండు రేట్లు (పూర్తి స్టిక్‌కు భాగాలు ఎంత కదలాలో చెప్పే అమరికలు) ఉంచుకోవాలి. తక్కువ రేటులో 15 నుంచి 20 డిగ్రీల కదలిక, 25 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే అమరిక) చాలు. ఎక్కువ రేటులో 45 డిగ్రీలు, 50 శాతం చుట్టూ ఎక్స్‌పో అవసరం. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టిక్ మధ్యలో మెత్తబడాలంటే ఫుటాబా రిమోట్‌లలో రుణ సంఖ్య, స్పెక్ట్రమ్‌లో ధన సంఖ్య ఇవ్వాలి. తారుమారైతే విమానం చిన్న కదలికకే ఉలిక్కిపడుతుంది. ఏ రిమోట్ అయినా తెర మీది గ్రాఫు మధ్యలో చదునుగా ఉందో లేదో చూసుకోవడం క్షేమం.

బరువు కేంద్రం బాడీ దగ్గరి రెక్క ముందంచు నుంచి 10.5 సెంటీమీటర్ల వెనక ఉండాలి. రెక్క వెనకంచు తిన్నగా, ముందంచు వెనక్కి వాలి ఉన్నప్పుడు ఇది సగటు వెడల్పులో మూడో వంతుకు సమానం. సీసం ముక్కలు పెట్టకుండా బ్యాటరీని జరిపే ఈ చోటు సాధించాలి, కనుక బ్యాటరీ గూటిని అన్నింటికన్నా చివర కోయడం తెలివైన పని.

మొదటి ఎగురుడు, ట్రిమ్

2021 డ్రోన్ నియమావళి ప్రకారం 250 గ్రాముల లోపు విమానం నానో తరగతిలోకి వస్తుంది, టైప్ సర్టిఫికేట్ అక్కర్లేదు. అయినా ఎక్కడ ఎగరేయాలన్నది ప్రభుత్వ డ్రోన్ వేదిక డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాల కారణంగా హైదరాబాద్ చుట్టుపక్కల ఆ పటాన్ని చూడకుండా మైదానం ఎంచుకోవడం తెలివితక్కువ. గాలి నిలకడగా ఉండే తెల్లవారు వేళ మేలు. టైమరును 5 నిమిషాలకు పెట్టుకొని, సెల్లు 3.5 వోల్టుల కిందికి పోకముందే దించాలి.

సగం థ్రాటిల్‌తో తిన్నగా పోయేలా ట్రిమ్ చేశాక, 45 డిగ్రీల ఏటవాలుగా పైకి పోనిచ్చి, విమానాన్ని తలకిందులు చేసి ఎలివేటర్ వదిలేయాలి. ముక్కు త్వరగా నేలవైపు వాలితే బరువు ముందుంది, బ్యాటరీని 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. గీత అలాగే సాగితే చాలు. పైకి లేస్తే బరువు వెనక్కి పోయింది. ఈ విమానంలో బరువు కేంద్రం 11.5 సెంటీమీటర్లు దాటి వెనక్కి వెళ్లవలసిన అవసరం సాధారణంగా రాదు. తర్వాత నిట్టనిలువుగా ఎక్కించి చూడాలి. ఎడమకు లాగితే మోటారును మరో డిగ్రీ కుడికి తిప్పాలి. నిలువునా వేలాడినప్పుడు ప్రొపెల్లరు ప్రతిచర్య వల్ల బాడీ ఎడమకు తిరగడం సహజమే, దానికోసం ట్రిమ్ ముట్టుకోకూడదు.

రెక్క నిలువుగా పెట్టి రడ్డర్‌తో పోయే నైఫ్‌ఎడ్జ్‌ను అన్నింటికన్నా చివర చూడాలి. విమానం పొట్టవైపు లాగితే రడ్డర్ నుంచి ఎలివేటర్‌కు కొద్దిగా పైకి, తానే దొర్లుతుంటే దొర్లే దిశకు వ్యతిరేకంగా ఎయిలెరాన్‌కు మిక్స్ (ఒక కంట్రోలు కదిలితే మరొకటి కొద్దిగా కదిలేలా రిమోట్‌లో చేసే అమరిక) ఇచ్చి, ఒక్కో శాతం చొప్పున పెంచుతూ కుడివైపూ ఎడమవైపూ వేర్వేరుగా పరీక్షించాలి. ఏ మిక్స్ అయినా 10 శాతం దాటవలసి వస్తే రిమోట్ పక్కన పెట్టి విమానాన్ని మళ్లీ గాజు పలక మీదికి చేర్చి, రెక్కా తోకా సమాంతరంగా ఉన్నాయో లేదో దారంతో కొలవాలి.