బిందె గుండ్రంగ వస్తలేదా? క్యాడ్‌లో వంపుల తిప్పలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మేము క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) నేర్పే గదిలో మొదటి పాఠం నీళ్ల బిందె. డబ్బా ఎవరైనా గీస్తారు. బిందెకు పొట్ట ఉబ్బి ఉంటుంది, మెడ లోపలికి పోతుంది, అంచు మళ్లీ బయటికి తిరుగుతుంది. పిల్లలు చెప్పే సమస్యలన్నీ ఆ మూడు చోట్ల నుంచే వస్తాయి.

"అన్నా, పొట్ట పలకలు పలకలుగ కనబడుతుంది"

ముందు ఎక్కడ కనబడుతోందో చూడండి. స్క్రీన్ మీదే అయితే మోడల్‌కేం కాలేదు, డిస్‌ప్లే క్వాలిటీ పెంచితే పోతుంది. త్రీడీ ప్రింట్‌లో కూడా వస్తే తప్పు ప్రింటర్ కోసం తీసే ఎస్‌టీఎల్ ఫైల్‌ది. అందులో వంపు అనేదే ఉండదు, అన్నీ చదునైన త్రిభుజాలే. 200 మి.మీ. వ్యాసమున్న పొట్టను చుట్టూ 36 ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క నడుమ అసలు వంపు కంటే 0.38 మి.మీ. లోపలికి పోతుంది. 72 చేస్తే 0.1 లోపే. ముక్కలు రెట్టింపైతే తేడా నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టాలరెన్స్ (ఎంత తేడా దాకా ఒప్పుకోవాలన్నది) 0.05 పెట్టండి, సుమారు 100 ముక్కలతో పని అయిపోతుంది. ఇంకా తగ్గిస్తే ఫైల్ బరువెక్కడమే. మామూలు ప్రింటర్ వేసే పొర మందమే 0.2 ఉంటుంది.

"సర్కిలే గీసిన, వ్యాసార్థం ఒక్కోచోట ఒక్కో తీరు చూపిస్తుంది"

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన సర్కిల్ అయి ఉంటుంది. అది సాధారణంగా నాలుగు బెజియే వంపుల (కంట్రోల్ పాయింట్లు జరిపి గీసే వంపుల) అతుకు. 100 మి.మీ. వ్యాసార్థంలో 0.027 దాకా తేడా ఉంటుంది. కంటికి తెలియదు, కొలిస్తే దొరుకుతుంది. మామూలు బెజియేతో కచ్చితమైన వృత్తం ఎంత తిప్పలుపడ్డా రాదు. క్యాడ్ వాడే నర్బ్స్ వంపుల్లో కంట్రోల్ పాయింట్లకు బరువులు (ఏ పాయింట్ వంపును ఎంత లాగాలన్న అంకెలు) ఉంటాయి కాబట్టి వస్తుంది: పావు వృత్తానికి మూడు పాయింట్లు, నడిమి దాని బరువు 0.707. క్యాడ్‌లోని సర్కిల్ టూల్‌తో మళ్లీ గీయండి. అన్నట్టు, పేరు రెనో కంపెనీలో పనిచేసిన బెజియేకు దక్కింది గానీ, 1959లోనే సిట్రోయెన్‌లో ద కాస్టెల్జో ఈ దారి పట్టాడు. కంపెనీ గుట్టుగా ఉంచింది, పాపం.

"మెడ దగ్గర మెరుపు విరిగినట్టుంది"

అన్నిటికంటే ఎక్కువ సతాయించేది ఇదే. పొట్ట చాపం, మెడ చాపం టాంజెంట్‌గానే (ఒకే దిశలో) కలిశాయి, వేలు పెడితే ఎక్కడా తట్టదు. అయినా రెండర్ చేస్తే (వెలుతురు పడ్డ బొమ్మగా చూస్తే) అక్కడ వెలుతురు టక్కున తిరుగుతుంది. దిశ కలిసింది గానీ వంపు కలవలేదు. ఒక పక్క వ్యాసార్థం 100, అతుకు దాటగానే 15. సొట్ట ఉందేమోనని బిందెను వెలుతురుకు పట్టి తిప్పి చూస్తాం కదా, క్యాడ్‌లో ఆ పని మోడల్ మీద నలుపు తెలుపుగా పడే జీబ్రా చారలది. అతుకు దగ్గర చారలు తెగితే అంచులు మాత్రమే కలిశాయి. తెగకుండా మూల తిరిగితే టాంజెంట్. జారినట్టు సాగిపోతే వంపు కూడా కలిసింది.

కలవకపోతే రెండు చాపాల మధ్య కొంత కోసేసి, చిన్న స్ప్లైన్ (పాయింట్లతో మలిచే వంపు గీత) వేసి, రెండు కొసలకూ కర్వేచర్ కంటిన్యుటీ (వంపు కూడా కలవాలన్న షరతు) ఇవ్వండి. ఇక్కడ మావాళ్లు టెన్షన్‌తో పాయింట్ల మీద పాయింట్లు పెడతారు. ఇరవై పాయింట్లు పెడితే అలలు లేస్తాయి. నేనైతే ఐదారు దాటనివ్వను. వంపు ఎక్కడెంతుందో దువ్వెన పళ్లలా చూపే కర్వేచర్ కోంబ్ ఆన్ చేసి, ఆ పళ్ల పొడవు మెల్లగా మారేదాకా పాయింట్లను జరపండి.

"షెల్ కొట్టంగనే ఎర్రర్"

షెల్ అంటే లోపల తొలిచి గోడ మాత్రమే మిగల్చడం. అంచు ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసిన వ్యాసార్థం) 3 మి.మీ., అడిగిన గోడ మందం 4. మూడు ఉన్నచోట నాలుగు లోపలికి పోతే ఉపరితలం తనను తానే దాటేస్తుంది. ఫిల్లెట్ 5 చేయండి, లేదంటే మందం 2కు దించండి.

"నల్లా అతికిన చోట సందులు"

మన దగ్గర బాగుండి, పంపిన చోట తెరిస్తే వస్తుందిది. రెండు ఉపరితలాలు కోసుకునే గీతను క్యాడ్ కచ్చితంగా రాసుకోలేదు. రెండు బైక్యూబిక్ ప్యాచ్‌లు (రెండు దిక్కులా మూడో డిగ్రీ ఉన్న ఉపరితల ముక్కలు) కోసుకుంటే ఆ గీత డిగ్రీ 324 దాకా పోవచ్చు! అందుకే దగ్గరి వంపుతో సరిపెట్టుకుంటుంది. అవతలి సాఫ్ట్‌వేర్ టాలరెన్స్ ఇంకా బిగువైతే దాన్నే సందు అంటుంది. ఐజెస్ ఫైల్ మానేసి స్టెప్ ఫైల్‌గా పంపండి. అప్పటికీ ఉంటే 0.01 టాలరెన్స్‌తో స్టిచ్ చేయండి, అంటే అంచులు కుట్టండి. దానికీ అతకకపోతే టాలరెన్స్ పెంచుకుంటూ పోకండి, రేపు ఫిల్లెట్ వేసేటప్పుడు ఏడిపిస్తుంది. ఆ ముక్క తీసేసి, చుట్టూ ఉన్న అంచులు పట్టుకుని కొత్త ప్యాచ్ వేయండి.