హాలోవీన్ రాత్రికి చాక్లెట్ సాలెగూడు, శ్మశానం, తెల్లదయ్యాలు

అమెరికాలో అక్టోబరు నెల సగం గడిచేసరికి దయ్యాల పండుగ హాలోవీన్ కోసం ఇళ్ల ముందు గుమ్మడికాయలు వెలుస్తాయి, వాకిళ్లలో అస్థిపంజరాలు వేలాడతాయి. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టే ఆచారం ఉండేది. 19వ శతాబ్దంలో వలస వచ్చినవారు దాన్ని వెంట తెచ్చారు, ఇక్కడ దుంపకు బదులు గుమ్మడికాయ దొరికింది. పండుగ అక్టోబరు 31న వచ్చినా, పిల్లల పార్టీలు చాలావరకు అంతకు ముందు శనివారమే జరుగుతాయి. ఇంటికొక వంటకం చొప్పున తీసుకువెళ్లే ఆ పార్టీలకు తెలుగు కుటుంబాల నుంచి ఇప్పుడు మిఠాయిల కంటే చాక్లెట్ వంటకాలే ఎక్కువగా వెళుతున్నాయి. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజున వచ్చినప్పుడు మా బల్ల మీద కజ్జికాయల పక్కన చాక్లెట్ సాలెపురుగులు కూర్చున్నాయి.

ఇన్నేళ్లుగా చేస్తూ నాకు బోధపడింది ఒక్కటే. భయం పుట్టించడానికి నలుపు, తెలుపు, రెండు కళ్లు చాలు. పది రకాల అలంకారాల కోసం పరుగులు పెట్టే సమయాన్ని చాక్లెట్‌ను సరిగ్గా కరిగించడానికి వెచ్చిస్తే మిగిలిన పని సులువవుతుంది. అందుకే ఇక్కడ మూడు వంటకాలు మాత్రమే చెబుతున్నాను. వీటిలో దేనికీ గుడ్డు అక్కరలేదు.

ముందుగా చాక్లెట్ సంగతి

కరిగిన చాక్లెట్‌లో పంచదార, కోకో రేణువులు కోకో వెన్నలో తేలుతూ ఉంటాయి. అందులో నాలుగు చుక్కల నీళ్లు పడితే చాలు, ఆ రేణువులు తడిని పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుపోతాయి. నిగనిగలాడుతూ జారుతున్న చాక్లెట్ చూస్తూ ఉండగానే తడిసిన రవ్వలా గరుకుగా, ముద్దముద్దగా మారిపోతుంది. కాబట్టి గిన్నె, గరిటె, చేతులు పూర్తిగా పొడిగా ఉండాలి. మరుగుతున్న నీటిపై గిన్నె పెట్టి కరిగించేవారు గిన్నె అడుగు నీటిని తాకకుండానూ, ఆవిరి పక్క నుంచి లోపలికి రాకుండానూ చూసుకోవాలి. నాకు మైక్రోవేవ్ పద్ధతే నచ్చుతుంది. సన్నగా తరిగిన చాక్లెట్‌ను సగం శక్తి మీద మొదట 30 సెకన్లు, తర్వాత 15 సెకన్ల చొప్పున వేడి చేస్తూ ప్రతిసారీ బయటకు తీసి కలపాలి. ఇంకా కొన్ని ముక్కలు కరగకుండా కనబడుతున్నప్పుడే ఆపేస్తే గిన్నెలోని వేడికే అవి కరిగిపోతాయి. డార్క్ చాక్లెట్ 50 డిగ్రీల సెల్సియస్‌ను, వైట్ చాక్లెట్ 43 డిగ్రీలను దాటకపోవడం మేలు, ఎందుకంటే పాలపొడి ఉండే వైట్ చాక్లెట్ త్వరగా మాడుతుంది.

కొనేటప్పుడు పొట్లం వెనుక చూడండి. కొవ్వు పదార్థంగా కోకో వెన్న మాత్రమే ఉంటే అది అసలైన చాక్లెట్. దానితో పైపూత మెరవాలంటే మూడింట రెండు వంతులు కరిగించి, మిగిలిన వంతును తరిగి అందులో కలుపుతూ డార్క్ చాక్లెట్‌ను 31, 32 డిగ్రీలకు, వైట్ చాక్లెట్‌ను 28, 29 డిగ్రీలకు చల్లార్చుకోవాలి. పామ్ నూనె వంటివి ఉంటే అది కాంపౌండ్ చాక్లెట్. రుచి కొంచెం తక్కువే అయినా దానికి ఈ శ్రమ అక్కరలేదు, కరిగించి ముంచితే చాలు, తనంతట తానే గట్టిపడుతుంది. మొదటిసారి చేసేవారు ముంచే పనికి కాంపౌండ్, వంటకంలో కలిపే పనికి అసలైన చాక్లెట్ వాడుకోవచ్చు. చాక్లెట్ చిప్స్ మాత్రం ముంచడానికి పనికిరావు. వాటిలో కోకో వెన్న తక్కువ కాబట్టి కరిగినా చిక్కగానే ఉంటాయి. చాక్లెట్‌కు రంగు వేయాలంటే నూనెలో కలిసే రంగులే వాడాలి. కేకులకు వాడే నీటి రంగు ఒక్క చుక్క వేసినా పైన చెప్పిన ముద్దే మిగులుతుంది.

సాలెగూడు బ్రౌనీ

అడుగున కాగితం పరిచిన 9 అంగుళాల గుండ్రటి పాన్ తీసుకోండి. పక్కలు విడివడే రకమైతే మరీ మంచిది. 115 గ్రాముల వెన్న, 100 గ్రాముల డార్క్ చాక్లెట్ కలిపి కరిగించి, అందులో 200 గ్రాముల పంచదార, అర కప్పు చిలికిన పెరుగు, పావు కప్పు పాలు కలపాలి. 125 గ్రాముల మైదా, 45 గ్రాముల కోకో, అర టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను ఉప్పు జల్లించి వేసి, పిండి కనబడకుండా పోయేవరకే కలపాలి. అంతకు మించి కలిపితే బ్రౌనీ సాగుతుంది. మరింత నలుపు కావాలంటే కోకోలో నాలుగో వంతు బ్లాక్ కోకో వాడండి. ఓరియో బిస్కెట్లకు ఆ నలుపు తెచ్చేది ఇలాంటి కోకోయే. మొత్తం అదే వాడితే మాత్రం బ్రౌనీ పొడిబారి చేదెక్కుతుంది. 175 డిగ్రీల సెల్సియస్, అంటే 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చి, పాన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వాలి.

పైన పోసే గనాష్ కోసం 200 మిల్లీలీటర్ల హెవీ క్రీమ్‌ను అంచుల వెంట బుడగలు వచ్చేవరకు వేడి చేసి, తరిగిన 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌పై పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి చిన్న వలయాలుగా కలుపుతూ అంచులకు రావాలి. ముప్పావు భాగం బ్రౌనీ మీద పోసి, మిగిలినది సాలెపురుగుల కోసం ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక ఆలస్యం చేయకూడదు, గనాష్ తడిగా ఉండగానే గూడు వేయాలి. 50 గ్రాముల వైట్ చాక్లెట్‌లో అర టీస్పూను వాసన లేని నూనె వేసి ముందే కరిగించి పెట్టుకోండి. కాగితాన్ని గోరింటాకు కోన్‌లా చుట్టి, అందులో నింపి, కొన సన్నగా కత్తిరించాలి. మధ్యలో ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ రెండేసి సెంటీమీటర్ల ఎడంతో నాలుగైదు వలయాలు గీయాలి. ముగ్గు వేసేటప్పుడు పిండిని వేళ్ల మధ్య నుంచి పైనుంచే జారవిడుస్తాం కదా, ఇక్కడా కోన్ కొసను గనాష్‌కు తాకించకుండా ఒక అంగుళం ఎత్తు నుంచి తీగను జారనిస్తే గీత వణకదు. తర్వాత టూత్‌పిక్ తీసుకుని చుక్క దగ్గర నుంచి బయటి అంచు వరకు ఒక్క లాగు లాగాలి. పుల్ల వెళ్లిన చోటల్లా తెల్ల వలయం ముందుకు సాగి కొన తేలుతుంది, రెండు లాగుల మధ్య భాగం లోపలికి వంగి అచ్చం సాలెగూటి పోగులా కనబడుతుంది. ప్రతి లాగు తర్వాత పుల్లను తుడుస్తూ ఎనిమిదిసార్లు ఇలాగే చేయాలి. దిశ మాత్రం మరువకండి. బయటి నుంచి లోపలికి లాగితే వచ్చేది సాలెగూడు కాదు, పువ్వు.

రెండు గంటల తర్వాత ఫ్రిజ్‌లోని గనాష్‌ను సున్నుండల కంటే చిన్న ఉండలుగా చుట్టి కోకోలో దొర్లిస్తే సాలెపురుగుల శరీరాలు సిద్ధమవుతాయి. బేకింగ్ కాగితంపై కరిగిన చాక్లెట్‌తో మోకాలు వంగిన కాళ్లు గీసి, గట్టిపడ్డాక పక్కకు నాలుగు చొప్పున గుచ్చాలి. కొన్ని విరుగుతాయి కాబట్టి లెక్కకు మించి గీసుకోండి.

కప్పుల్లో శ్మశానం

ఇది పిల్లలతో కలిసి చేయదగిన వంటకం. అర లీటరు పాలలో 75 గ్రాముల పంచదార, 30 గ్రాముల కోకో, 30 గ్రాముల కార్న్‌ఫ్లోర్ (అమెరికాలో కార్న్‌స్టార్చ్) ఉండలు లేకుండా కలిపి, మధ్యస్థమైన మంట మీద ఆపకుండా తిప్పుతూ ఉడికించండి. చిక్కబడి బుడగలు వచ్చాక మరో రెండు నిమిషాలు ఉంచి దించి, 60 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు కలిపి ఆరు గాజు కప్పుల్లో పోయాలి. మీద తొరక కట్టకుండా ప్లాస్టిక్ కాగితాన్ని పుడ్డింగ్‌కు తగిలేలా కప్పి రెండు మూడు గంటలు చల్లబరచాలి. మట్టి కోసం పన్నెండు ఓరియో బిస్కెట్లలో క్రీము తీసేసి పొడి చేయండి. క్రీము ఉంచితే పొడి ముద్ద కడుతుంది. కొన్ని పెళ్లలు మిగిలితేనే తవ్విన మట్టిలా ఉంటుంది. ఈ పొడిని వడ్డించడానికి గంట ముందు మాత్రమే చల్లాలి.

సమాధి రాళ్లకు పైభాగం గుండ్రంగా ఉండే పొడవాటి బిస్కెట్లపై కరిగిన చాక్లెట్‌తో ఒక పగులు గీత, చిన్న సాలెగూడు గీసి గుచ్చితే సరిపోతుంది. కొందరు సరదాకు అతిథుల పేర్లు రాస్తుంటారు. మన పెద్దవాళ్లు కూడా కూర్చునే పార్టీలో ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను, పసివాడి పేరు సమాధి మీద కనబడితే అమ్మమ్మల మనసు చివుక్కుమంటుంది. మట్టిలో నుంచి పాకే జెల్లీ పురుగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాటిలో చాలా రకాలు పంది లేదా ఆవు నుంచి తీసిన జెలటిన్‌తో చేసినవి. శాకాహారుల ఇళ్ల పిల్లలు వస్తున్నప్పుడు పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి వెతికి కొనాలి.

తెల్లదయ్యాలు

స్ట్రాబెర్రీలను వైట్ చాక్లెట్‌లో ముంచితే దయ్యాలవుతాయి. ఒకసారి అతిథులు వచ్చే వేళ దగ్గరపడిందని కడిగిన పండ్లను పైపైన తుడిచి ముంచాను, మూడో పండుకే గిన్నెలోని చాక్లెట్ అంతా బిరుసెక్కింది. అలా బిగుసుకుపోయినదాన్ని పారేయనక్కరలేదు. వేడి క్రీమ్ చెంచా చెంచాగా కలిపితే మళ్లీ జారుగా మారి ఐస్‌క్రీమ్ మీద పోసుకునే సాస్ అవుతుంది, కాని ముంచడానికి పనికిరాదు. అప్పటి నుంచి పండ్లను ఉదయమే కడిగి, ఒక్కొక్కటిగా కాగితపు టవల్‌తో ఒత్తి తుడిచి, గంటసేపు గాలికి ఆరబెడుతున్నాను. పండ్లు గది వేడికి వచ్చాక, 200 గ్రాముల చాక్లెట్‌లో పదిహేను పండ్లను తొడిమ పట్టుకుని ముంచి, అదనపు చాక్లెట్‌ను విదిలించకుండానే కాగితంపై పడుకోబెట్టాలి. కిందికి జారి మడుగు కట్టిన ఆ చాక్లెట్టే దయ్యం తోకగా మారుతుంది. గట్టిపడ్డాక టూత్‌పిక్ కొసతో డార్క్ చాక్లెట్ కళ్లు రెండు, తెరిచిన నోరు ఒకటి పెట్టండి. కళ్లు కాస్త ఎడంగా, ఒకటి పెద్దదిగా ఉంటే దయ్యం నిజంగానే మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. ఇవి నిల్వ ఉండవు, రాత్రి గడిస్తే పండు నీరు వదులుతుంది. చేసిన రోజే తినాలి.

బ్రౌనీ, పుడ్డింగ్ ముందు రోజు చేసుకోవచ్చు. పార్టీకి తీసుకువెళ్లేటప్పుడు ప్రతి పళ్లెం ముందు అందులో పాలు, గోధుమ, సోయా ఉన్నాయో లేదో, వాడిన చాక్లెట్ పొట్లంపై గింజల హెచ్చరిక ఉందో లేదో ఒక చీటీ మీద రాసి పెట్టండి. అక్కడ కొన్ని ఇళ్ల ముందు నీలి ఆకుపచ్చ రంగు పూసిన గుమ్మడికాయ కనబడుతుంది. అలర్జీలున్న పిల్లలకు తినుబండారాలు కాని బహుమతులు ఈ ఇంట్లో దొరుకుతాయని దాని అర్థం. ఆ ఇంటివారు చూపే శ్రద్ధ మన పళ్లెంలోనూ ఉండాలి. బజారులో దొరికే గట్టి చక్కెర కళ్లు మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డుపడవచ్చు, వారి వాటాకు చాక్లెట్‌తో గీసిన కళ్లే పెట్టండి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం కాబట్టి, పార్టీ జరిగే ఇంట్లో కుక్క ఉంటే పళ్లేలను ఎత్తైన చోట ఉంచమని అడగాలి.

సాలెగూడును ముక్కలుగా కోసి తీసుకువెళ్లకండి. పాన్ పక్కలు విప్పి, మధ్యలో కాకుండా అంచు దగ్గర ఒక పెద్ద సాలెపురుగును, దూరంగా రెండు చిన్నవాటిని పెట్టి, పిల్లలంతా చూసేదాకా అలాగే ఉంచండి. కోసేటప్పుడు కత్తిని వేడినీటిలో ముంచి, పొడిగా తుడిచి, ప్రతి కోతకూ మళ్లీ అలాగే చేస్తే తెల్లపోగులు నల్లదనంలో పులుముకోకుండా ప్రతి ముక్కలోనూ గూడు నిలుస్తుంది.