బాట్‌కు మెయిల్ పని నేర్పడం – ఐదవ పాఠం: సర్వరుతో సెషన్

గత పాఠంలో ఒక ఫోల్డరులో ఉన్న ఇన్వాయిస్ పీడీఎఫ్‌లను ఒక్కొక్కటిగా తెరిచి, బిల్లు నంబరు, జీఎస్టీ నంబరు, మొత్తం అనే మూడు వివరాలను ఎక్సెల్‌లోకి ఎక్కించే బాట్‌ను, అంటే మన బదులు కంప్యూటరు మీద పనిచేసే ప్రోగ్రామును, తయారుచేశాం. ఆ పీడీఎఫ్‌లను ఫోల్డరులో పెట్టింది మాత్రం మనమే. ఈ పాఠం నుంచి ఆ పనిని కూడా బాట్‌కే అప్పగిద్దాం. ఉదాహరణ మారదు: బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారం, దాని అకౌంట్స్ విభాగానికి హోసూరు, తుమకూరు సరఫరాదారుల నుంచి రోజూ మెయిల్‌లో వచ్చే బిల్లులు, చివరకు ట్యాలీలో వాటి నమోదు. బాట్ తయారుచేసే సాఫ్ట్‌వేరు కూడా అదే, ఆటోమేషన్ ఎనీవేర్. అదే పని చేసే యూఐపాత్, పవర్ ఆటోమేట్ వాడేవారికి యాక్షన్ల, అంటే బాట్ చేసే ఒక్కో అడుగు, పేర్లు వేరుగా ఉంటాయి. కొన్నింటిలో కనెక్ట్ అనే విడి యాక్షనే లేకుండా, మెయిల్ తెచ్చే యాక్షన్‌లోనే సర్వరు వివరాలు అడుగుతారు. అయినా సర్వరు వైపు జరిగేది ఒక్కటే కనుక, ఈ పాఠం వారికీ పనికివస్తుంది.

బాట్‌ను మెయిల్ సర్వరుతో కలిపే కనెక్ట్ యాక్షన్‌లో నింపవలసిన గళ్లు ఆరేడుకు మించవు. మారతహళ్లి పీజీ గదిలో, సొంత ల్యాప్‌టాప్ మీద, సొంత జీమెయిల్‌తో చేసినప్పుడు అది మొదటిసారే పనిచేయవచ్చు. అదే బాట్‌ను ఆఫీసు నెట్‌వర్కులో రాత్రి రెండు గంటలకు నడిచేలా పెట్టినప్పుడు ఆగిపోయే మొదటి చోటు కూడా చాలాసార్లు అదే. అందుకే దీనికి ఒక పూర్తి పాఠాన్ని కేటాయించాను.

సెషన్ అంటే సర్వరు దృష్టిలో ఏమిటో ముందుగా చూడాలి. బాట్ మొదట సర్వరుకు టీసీపీ కనెక్షన్, అంటే రెండు యంత్రాల మధ్య సమాచారం సాగే దారి, తెరుస్తుంది, దాని మీద టీఎల్ఎస్ రక్షణ (మధ్యలో ఎవరూ చదవలేని గుప్తలేఖనం; పాత పేరు ఎస్ఎస్ఎల్) ఏర్పడుతుంది. ఆ తర్వాత ముందుగా మాట్లాడేది సర్వరే. ఒక నక్షత్రపు గుర్తు, దాని పక్కన 'ఓకే' అనే మాటతో, తాను సిద్ధంగా ఉన్నానని ఒక వరుస పంపుతుంది. అప్పుడు బాట్ 'ఏ001 లాగిన్' అంటూ యూజర్ పేరు, పాస్‌వర్డు పంపుతుంది. సరిపోతే సర్వరు 'ఏ001 ఓకే' అని అదే గుర్తుతో జవాబిస్తుంది. తర్వాత 'ఏ002 సెలెక్ట్ ఇన్‌బాక్స్' అంటే, ఆ ఫోల్డరులో ఎన్ని మెయిళ్లు ఉన్నాయో చెప్పి దాన్ని తెరిచి పెడుతుంది. ఇక్కడి నుంచి బాట్ 'లాగౌట్' అనేవరకు సర్వరు ఆ బాట్ ఎవరో, ఏ ఫోల్డరులో ఉందో గుర్తుపెట్టుకునే ఉంటుంది. సెషన్ అంటే ఆ గుర్తుపెట్టుకోవడమే, అందుకు సర్వరు కొంత మెమరీని, ఒక కనెక్షన్‌ను మనకోసం కేటాయించి ఉంచుతుంది. బాట్ ఏమీ అడగకుండా ఊరుకున్నా ఆ కేటాయింపు కొనసాగుతూనే ఉంటుంది.

ఈ సంభాషణ పద్ధతి పేరు ఐమ్యాప్. దీన్ని 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. నేడు ఎక్కువ సర్వర్లు పాటించే ప్రమాణం 2003 నాటిది, దాని సవరించిన రూపం 2021లో వచ్చింది. కనెక్ట్ యాక్షన్ ఐమ్యాప్‌తో పాటు పాప్3 అనే మరో పద్ధతిని కూడా చూపిస్తుంది. పాప్3 సెషన్ తెరిచి ఉన్నంతసేపు మెయిల్‌బాక్సుకు తాళం పడుతుంది, ఫోల్డర్లు కనిపించవు. అకౌంట్స్ విభాగంలో నలుగురూ చూసే మెయిల్‌బాక్సుకు అది తగదు. ఐమ్యాప్‌నే ఎంచుకోండి.

హోస్టు, పోర్టు, రక్షణ

హోస్టు అంటే సర్వరు చిరునామా. జీమెయిల్‌కు అది 'ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్'. చెన్నైకి చెందిన జోహో మెయిల్‌ను మన ప్రాంతపు చిన్న సంస్థలు చాలా వాడతాయి కనుక దాని సంగతి కూడా చెప్పాలి: భారతదేశంలో తెరిచిన ఖాతాలకు చివర 'డాట్ కామ్' కాకుండా 'డాట్ ఇన్' ఉంటుంది, సొంత డొమైన్ ఉన్న సంస్థల ఖాతాలకు మొదటి మాట 'ఐమ్యాప్' కాకుండా 'ఐమ్యాప్‌ప్రో' అవుతుంది. ఈ రెండింటిలో ఏది తప్పినా పాస్‌వర్డు తప్పన్నట్టే సందేశం వస్తుంది, మనం పాస్‌వర్డు మారుస్తూ గంటలు గడుపుతాం. జోహోలో ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి ఐమ్యాప్ వాడకాన్ని మనమే ఆన్ చేయవలసి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

పోర్టు అంటే సర్వరులో ఒక్కో సేవకు కేటాయించిన ద్వారపు నంబరు. పోర్టు, రక్షణ అనే రెండు గళ్లను ఎప్పుడూ జంటగా చూడాలి. పోర్టు 993 అయితే మొదటి బైటు నుంచే టీఎల్ఎస్ ఉంటుంది. పోర్టు 143 అయితే మామూలు అక్షరాలతో మొదలై, మధ్యలో స్టార్ట్‌టీఎల్ఎస్ అనే ఆజ్ఞతో రక్షణలోకి మారుతుంది. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మొదటి పద్ధతినే సిఫారసు చేసింది. కాబట్టి 993 వేసి, 'సురక్షిత కనెక్షన్ వాడు' అన్న గడిలో టిక్కు పెట్టండి.

ఆ టిక్కు మరిచిపోతే ఏమవుతుందో కొంచెం దగ్గరగా చూడటం మంచిది. ఐమ్యాప్‌లో ముందుగా పలకరించేది సర్వరని పైన చెప్పుకున్నాం. 993 పోర్టు దగ్గర సర్వరు మాత్రం టీఎల్ఎస్ ఏర్పడేదాకా నోరు విప్పదు, ఆ పని మొదలుపెట్టవలసింది బాట్. టిక్కు లేని బాట్‌కు ఆ సంగతి తెలియదు కనుక అది సర్వరు పలకరింపు కోసం ఎదురుచూస్తుంది. సర్వరేమో బాట్ కోసం ఎదురుచూస్తుంది. గడువు తీరేదాకా ఇద్దరూ అలాగే ఉంటారు, చివరకు 'టైమౌట్' అని వస్తుంది. తిరగేసి, 143 పోర్టు వేసి టిక్కు పెడితే బాట్ టీఎల్ఎస్ మొదలుపెడుతుంది, సర్వరు మామూలు అక్షరాల్లో పలకరిస్తుంది, గుర్తించలేని ఎస్ఎస్ఎల్ సందేశం వచ్చిందని వెంటనే తప్పు చూపుతుంది. కనుక చాలాసేపు ఆగి విఫలమైందా, తక్షణమే విఫలమైందా అన్నది కూడా మనకొక ఆధారమే. సందేశం చదివే ముందు గడియారం చూసే అలవాటు చేసుకోండి.

టైమౌట్‌కు ఇంకో కారణం ఆఫీసు ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్కు లోపలికి, బయటికి వెళ్లేవాటిని అడ్డగించే కాపలా. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో బయటికి వెళ్లే 993 పోర్టును మూసి ఉంచడం మామూలే. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే ఆజ్ఞకు హోస్టు పేరు, పోర్టు నంబరు ఇచ్చి చూడండి. 'టీసీపీ టెస్ట్ సక్సీడెడ్' ఎదుట ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది, ఫాల్స్ అని వస్తే నెట్‌వర్కు విభాగానికి రాయవలసిందే. బాట్ నడిచే యంత్రం మీదే ఈ పరీక్ష చేయాలి. మీ ల్యాప్‌టాప్ మీద ట్రూ వచ్చినంత మాత్రాన బాట్ యంత్రానికి దారి ఉన్నట్టు కాదు.

పాస్‌వర్డు

జీమెయిల్‌లో బ్రౌజరు ద్వారా లాగిన్ అయ్యే పాస్‌వర్డు బాట్‌కు పనికిరాదు. 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఆ దారిని మూసివేసింది. ఖాతాలో రెండంచెల ధృవీకరణ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తయారుచేసుకుని దాన్ని ఇవ్వాలి. గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డు మార్చిన మరుక్షణం అప్పటిదాకా ఇచ్చిన యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. ఎవరో అకౌంట్స్‌లో పాస్‌వర్డు మారుస్తారు, బాట్ ఆ రాత్రే ఆగిపోతుంది, బాట్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు కనుక కారణం దొరకదు. ఈ సంగతిని బాట్ పక్కన ఉండే పత్రంలో రాసి ఉంచండి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్ విషయానికి వస్తే, ఐమ్యాప్‌కు యూజర్ పేరు, పాస్‌వర్డు మాత్రమే ఇచ్చే పద్ధతిని 2022 అక్టోబరు 1 నుంచి తొలగించడం మొదలుపెట్టారు. అక్కడ ఓఆత్, అంటే పాస్‌వర్డుకు బదులు అనుమతి టోకెను ఇచ్చే పద్ధతి, తప్పనిసరి, దాన్ని తరువాతి పాఠంలో విడిగా నేర్చుకుంటాం.

పాస్‌వర్డును కనెక్ట్ యాక్షన్‌లో నేరుగా టైపు చేయకండి. అభ్యాసం కోసం కూడా వద్దు, ఎందుకంటే అభ్యాసం కోసం రాసిన బాట్‌నే కాపీ చేసి అసలు పనికి వాడటం ప్రతి ఆఫీసులోనూ జరిగేదే. ఆటోమేషన్ ఎనీవేర్ నిర్వహణ పేజీ అయిన కంట్రోల్ రూములో క్రెడెన్షియల్ (దాచి ఉంచే లాగిన్ వివరాలు) తయారుచేసి, దాన్ని ఒక లాకరులో పెట్టి, యాక్షన్‌లో క్రెడెన్షియల్ అన్న ఎంపిక తీసుకోండి. ఇందుకు పట్టే సమయం అయిదు నిమిషాలే.

సెషన్ పేరు, సెషన్ ఆయుష్షు

సెషన్ పేరు అన్న గడిలో ముందుగానే 'డిఫాల్ట్' అని ఉంటుంది. దాన్ని మార్చి పనిని తెలిపే పేరు పెట్టండి, ఉదాహరణకు 'బిల్లుల_మెయిల్'. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను వంటిది ఈ పేరు: తరువాత వచ్చే ప్రతి మెయిల్ యాక్షన్ ఇదే పేరు చూపితేనే సర్వరుతో తెరిచిన ఆ కనెక్షన్ దానికి దొరుకుతుంది. మెయిళ్ల మీద ఒకే పనిని ఒక్కొక్కటిగా తిరిగి చేసే లూప్‌లో ఒక పేరు, సెషన్ మూసే డిస్‌కనెక్ట్‌లో ఇంకో పేరు ఉంటే, మూయవలసిన సెషన్ మూతపడదు. ఒక బాట్ మరో బాట్‌ను పిలిచి దానికి కూడా ఈ కనెక్షన్‌ను అందించాలంటే గ్లోబల్ సెషన్ ఎంచుకోవాలి. మన ఉదాహరణకు లోకల్ సెషన్ చాలు.

ఇక ఈ పాఠానికి అసలు కీలకమైన విషయం: కనెక్ట్ ఎక్కడ ఉండాలి, డిస్‌కనెక్ట్ ఎక్కడ ఉండాలి. కనెక్ట్ లూప్ లోపల ఉంటే ప్రతి మెయిల్‌కూ కొత్త సెషన్ తెరుచుకుంటుంది. జీమెయిల్ ఒక ఖాతాకు ఏకకాలంలో 15 ఐమ్యాప్ కనెక్షన్లనే అనుమతిస్తుంది, అందులో ఆఫీసువారి ఫోన్లు, ఔట్‌లుక్‌లు కూడా లెక్కకు వస్తాయి. మూయకుండా వదిలిన సెషన్లు కొన్ని పేరుకుంటే బాట్ ఆగడమే కాక, మనుషులకూ మెయిల్ రాకుండా పోతుంది. కాబట్టి కనెక్ట్ ఎప్పుడూ లూప్‌కు పైన ఒక్కసారే ఉండాలి.

డిస్‌కనెక్ట్‌ను బాట్ చివరి వరుసలో పెట్టడం చాలామంది అలవాటు. అన్నీ సవ్యంగా నడిచిన రోజున అది పనిచేస్తుంది. ఒక పీడీఎఫ్ పాడై లూప్ మధ్యలో తప్పు వస్తే బాట్ ఆ చివరి వరుసదాకా రాదు. ఇందుకు తప్పులను పట్టే మూడు భాగాలున్నాయి: ట్రైలో పని ఉంటుంది, అందులో తప్పు వస్తే క్యాచ్ నడుస్తుంది, చివర ఫైనలీ. అందుకే లూప్ మొత్తాన్ని ట్రై లోపల పెట్టి, డిస్‌కనెక్ట్‌ను ఫైనలీలో పెట్టాలి. తప్పు వచ్చినా రాకపోయినా ఫైనలీ నడుస్తుంది. అయితే కనెక్ట్‌ను కూడా అదే ట్రైలో పెడితే, కనెక్షనే కుదరనప్పుడు ఫైనలీలోని డిస్‌కనెక్ట్ లేని సెషన్‌ను వెతికి, అటువంటి సెషన్ లేదని మరో తప్పు చూపుతుంది. అసలు కారణం దాని కింద మరుగున పడుతుంది. కనెక్ట్‌ను ఈ ట్రైకి పైన ఉంచి, దానికి వెలుపల ఇంకో ట్రై, క్యాచ్ చుట్టడం సరైన అమరిక. వెలుపలి క్యాచ్‌లో మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు పెట్టదలిస్తే టైమౌట్‌లకు మాత్రమే, అదీ కొన్ని నిమిషాల విరామంతో పెట్టండి. పాస్‌వర్డు తప్పన్నప్పుడు వెంటవెంటనే ప్రయత్నిస్తే ఖాతాకే తాళం పడవచ్చు.

ఐమ్యాప్ ప్రమాణం ప్రకారం, ఏ ఆజ్ఞా రాని సెషన్‌ను సర్వరు కనీసం 30 నిమిషాలు ఉంచాలి, ఆ తర్వాత తానే మూసివేయవచ్చు. పాప్3కి ఆ గడువు 10 నిమిషాలే. మధ్యలో ఉండే ఫైర్‌వాల్‌లు అంతకంటే ముందే తెంపేయవచ్చు. మన పీణ్య ఉదాహరణలో ప్రతి మెయిల్‌కూ పీడీఎఫ్ దించుకుని, వెంటనే ట్యాలీ తెరిచి నమోదు చేసి, తరువాతి మెయిల్‌కు వెళ్లేలా బాట్ రాశామనుకోండి. ఒక బిల్లులో సరుకుల వరుసలు ఎక్కువై ట్యాలీ పని సాగితే, తిరిగి వచ్చేసరికి సెషన్ ఉండదు. నా దృష్టిలో దీనికి మందు టైమౌట్ పెంచడం కాదు, పనిని విడగొట్టడం. మొదటి భాగంలో కనెక్ట్ అయి, చదవని మెయిళ్ల అటాచ్‌మెంట్లన్నీ ఆ రోజు తేదీ పేరుతో ఉన్న ఫోల్డరులోకి దించి, డిస్‌కనెక్ట్ కావాలి. ట్యాలీ నమోదు రెండో భాగం, దానికి మెయిల్ సర్వరుతో సంబంధమే ఉండకూడదు. ఇలా రాస్తే సెషన్ మెయిల్ పని ఉన్నంతసేపే బతుకుతుంది, ట్యాలీలో తప్పు వచ్చినా మెయిళ్లను మళ్లీ తేవలసిన అవసరం రాదు.

ఐమ్యాప్ సెషన్ మెయిల్ పంపదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. బిల్లు అందిందని సరఫరాదారుకు జవాబు పంపాలంటే అది మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్ఎంటీపీ ద్వారా, 465 లేదా 587 పోర్టులో, విడి కనెక్షన్‌తో జరుగుతుంది.

అభ్యాసానికి ఒక కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి, దానికి మీరే నాలుగైదు పీడీఎఫ్‌లు పంపుకోండి. పైన చెప్పిన అమరికలో బాట్ రాసి, అది సవ్యంగా నడిచాక దాన్ని కావాలనే చెడగొట్టండి: ముందు టిక్కు తీసి, తర్వాత టిక్కు పెట్టి యాప్ పాస్‌వర్డులో ఒక అక్షరం తప్పు వేసి, చివరగా డిస్‌కనెక్ట్‌లో సెషన్ పేరు మార్చి నడపండి. ప్రతిసారీ వచ్చిన సందేశాన్ని, అది రావడానికి పట్టిన సెకన్లను నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. ఓఆత్ పాఠంలో ఆ పేజీని తెరిచి ఉంచుకునే మొదలుపెడతాం.