పిట్టల పాఠాలు – 4: నేలపట్టు గట్టు మీద ‘కొంగ’తో వచ్చిన చిక్కు

పోయిన పాఠంలో బైనాక్యులర్ సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేశాను. తప్పు నాదే. చదివి ప్రయత్నించినవాళ్లలో ‘రెండు బొమ్మలు కనిపిస్తున్నాయి’ అని ఒకరు, ‘కళ్లు లాగుతున్నాయి’ అని ఇంకొకరు, ‘మా అమ్మకి మసక తప్ప ఏమీ కనపడలేదు, కొన్న డబ్బులు దండగ’ అని మరొకరు. పిట్టల్ని చూడటానికి నేలపట్టు చెరువుకి వెళ్లేముందు ఆ బాకీ తీర్చేస్తాను.

ముందు రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ వంచుతూ, రెండు గుండ్రాలూ కలిసి ఒకే గుండ్రం అయ్యేదాకా సర్దండి. తర్వాత కుడి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, దూరంగా ఉన్న కొమ్మను ఎడమకంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పండి. ఆకు అంచు తేటగా కనపడగానే ఆపండి. ఇప్పుడు ఎడమ గొట్టానికి చెయ్యి అడ్డం. కుడికన్ను దగ్గర సన్నటి రింగు ఉంటుంది, అదొక్కటే తిప్పండి. మధ్య చక్రం ముట్టుకున్నారో, మళ్లీ మొదటికొస్తారు. చాలామంది తప్పింది ఇక్కడే. ఆ రింగు మీ కంటికి ఒకసారి కుదిరితే ఇక కదపక్కర్లేదు. కానీ ఇంటిల్లిపాదికీ ఒకే బైనాక్యులర్ అయితే ఒక్కొక్కరి రింగు ఒక్కోచోట ఆగుతుంది. మా ఇంట్లో దానిమీద గోళ్లరంగు చుక్కలున్నాయి: ఎరుపు మా ఆవిడది, తెలుపు నాది. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుని కిందికి దించుకోవాలి. ఇంకా కొననివాళ్లు 8×42 (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) కొనండి. 10 రెట్లది పిల్లల చేతిలో వణికి వణికి పిట్టని కాదు, తలనొప్పిని చూపిస్తుంది.

ఇక నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర, 1976లో పక్షుల అభయారణ్యం అయింది. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది. ఎలా వెళ్లాలి, పులిహోర ఎంత కలపాలి అన్నవి మీకు నేను చెప్పాలా? ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండాక, డిసెంబరు, జనవరిలో వెళ్లండి. తెల్లచొక్కాలు వద్దు.

నీళ్లలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల మీద గూళ్లే గూళ్లు. గూడబాతుని (అదే పెలికాన్; పేరులో బాతు ఉన్నా బాతు కాదు) ఎవరైనా గుర్తుపడతారు. ముక్కు కింద వేలాడే సంచి, పైముక్కు అంచు వెంట చుక్కలు. మా అత్తయ్య బైనాక్యులర్ పెట్టుకుని ఉన్నట్టుండి ‘అయ్యో, పిల్లని మింగేస్తోందిరా!’ అని కేక పెట్టారు. మింగడం కాదు. పిల్లే తల్లి సంచిలోకి మెడదాకా దూరి చేపలు తింటోంది. ఆవిడ బైనాక్యులర్ మాకు మళ్లీ ఇవ్వలేదు.

నాకు ఒళ్లుమండే సంగతి వేరే ఉంది. తెల్లగా, పొడుగు కాళ్లతో కనిపించిన ప్రతిదాన్నీ ‘కొంగ’ అనేసి చేతులు దులిపేసుకోవడం. తప్పు మన భాషలోనూ ఉంది. గుడ్డికొంగ (పాండ్ హెరాన్), నత్తగుల్ల కొంగ (ఓపెన్‌బిల్), తెడ్డుమూతి కొంగ (స్పూన్‌బిల్), అన్నీ కొంగలే! వీటిలో గుడ్డికొంగది ఒక కుటుంబం, నత్తగుల్లది ఇంకొకటి, తెడ్డుమూతిది మరొకటి. నిలబడి ఉన్నప్పుడు రంగు చూస్తూ కూర్చుంటే తేలదు. ఎగిరేదాకా ఆగండి. మెడ మడిచి, తల భుజాల్లోకి లాక్కుని ఎగిరితే గుడ్డికొంగ వాళ్ల కుటుంబం. పొలాల్లో గేదెల వెంట తిరిగే తెల్లకొంగలూ ఇందులోవే. మెడ ముందుకి కర్రలా చాచి ఎగిరితే నత్తగుల్ల, తెడ్డుమూతి, పెయింటెడ్ స్టార్క్, వంకరముక్కు తెల్ల కంకణం (ఐబిస్), వీటిలో ఒకటి. లేచిన మొదటి రెండు మూడు రెక్కలూపుల్లో గుడ్డికొంగ కూడా మెడ చాచే ఉంటుంది, తొందరపడొద్దు. గూడబాతు మెడ మడిచే ఎగురుతుంది, కానీ ఆ ముక్కు చూశాక కూడా దాన్ని కొంగ అంటే నేను చేసేదేమీ లేదు.

నత్తగుల్ల కొంగకి పైముక్కుకీ కిందిముక్కుకీ మధ్య సందు ఉంటుందని రెండో పాఠంలో రాశాను. దాంతో మా మేనల్లుడు గట్టు మీద నన్ను నిలదీశాడు. ‘సందు లేదు మామయ్యా, ఇది నత్తగుల్ల కాదు.’ వాడు చూస్తున్నది నిజంగా నత్తగుల్లే, కాకపోతే ఆ ఏటి పిల్ల. పిల్లలకి ముక్కు మూసుకునే ఉంటుంది, సందు పెద్దయ్యే కొద్దీ వస్తుంది. ఆ ముక్క రాయలేదు నేను. వాడికి ఐస్‌క్రీమ్ బాకీ పడ్డాను.

అభ్యాసం: ఫోను సంచిలో పడేసి, ఒకేచోట గంట కూర్చోండి. తిరగొద్దు, తిరిగితే గూళ్ల మీదివి బెదురుతాయి. ఎగిరే 30 పక్షుల్ని చూసి కాగితం మీద మూడు గళ్లు నింపండి: ‘మడిచింది’, ‘చాచింది’, ‘చూసేలోగా పోయింది’. పేర్లు రాయొద్దు. నేలపట్టు దూరమైతే ఊరి చెరువు చాలు. డల్లాస్‌లో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా గుడ్డికొంగ చుట్టాలు మెడ మడిచే ఎగురుతాయి. మూడో గడి నిజాయితీగా నింపండి. మొదటిసారి నాకు అందులోనే 19 పడ్డాయి.