లైబ్రరీకి పిల్లలు రావాలంటే పుస్తకాల అట్టలు కనిపించాలి

హైస్కూలు పిల్లలు లైబ్రరీ గడప తొక్కడం లేదని వాపోయే ముందు ఒక పని చేసి చూడండి. గుమ్మం పక్కనే బల్ల వేసి, పది పదిహేను పుస్తకాలను అట్ట కనిపించేలా నిలబెట్టండి. పుస్తకాలను విషయాల వారీగా అంకెలిచ్చి సర్దే డ్యూయీ పద్ధతిలో ఆటల పుస్తకాలు 796 కింద ఉంటాయని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎలా తెలుస్తుంది? చదివినవాళ్ల చేతనే చిన్న చీటీ రాయించి పుస్తకంలో పెట్టండి: ‘మొదటి ఇరవై పేజీలు విసుగు, తర్వాత వదలలేరు’ లాంటిది. టీచరు సిఫారసు కంటే తోటివాళ్ల మాటకే విలువెక్కువ. పుస్తకాన్ని తిట్టి రాసినా సరే, దిద్దకండి. బల్ల మీది పుస్తకాలను వారానికోసారి మార్చండి. అన్నట్టు, మధ్యాహ్న విరామంలో తలుపులు తెరిచే ఉండాలి. పిల్లలకు తీరిక దొరికే వేళకే తాళం పడితే ఈ ఏర్పాటంతా దండగ.